ఏడాది గడ

జనవరి 8

వదిన వచ్చింది. మూతి కుడివైపు కిందికి జారిపోయింది. నన్ను చూసి నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయేసరికి కర్చీఫు అడ్డం పెట్టుకుని, "ఇంటి ముందు గడ గీకిన ఆ పొట్టంతా ఏమిటి, ఊడ్చే తీరిక కూడా లేదా?" అంది.

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. మనిషి బాగానే ఉందన్నమాట.

జనవరి 9

మొహానికి వెళ్లే నరం ఒకటి వాచిందట. ప్రాణభయం లేదని, చాలామందికి కొన్ని నెలల్లో మామూలవుతుందని, కొందరికి మాత్రం పూర్తిగా కాదని డాక్టరు అన్నాడట. "ఆ కొందరెవరో ముందే చెప్పేస్తే మిగతావాళ్లు హాయిగా ఉంటారు కదా" అని వదిన ఆయన్నే నిలదీసిందట. ఆయన బయటికి పొమ్మననందుకు మెచ్చుకోవాలి.

మనసులో తిరుగుతూనే ఉంది కాబట్టి రాసేసుకుంటాను. పట్నం ఆర్కెస్ట్రాలో క్లారినెట్‌కి రెండు కుర్చీలు. ఒంటరిగా వినిపించే ముక్కలన్నీ మొదటి కుర్చీవి. ఆ కుర్చీ వదినది. ఏప్రిల్‌లో పెద్ద కచేరీ ఉంది. దానికి ముందు, మార్చి ఆఖర్లో, బృందం పెద్దాయన వదినని హాల్లో కూర్చోబెట్టి చివరి వరసలోంచి వింటాడు. అప్పటిదాకా రెండో కుర్చీ అమ్మాయి ముందుకి జరిగి వాయిస్తుంది. ఆ అమ్మాయి వదిన దగ్గర నేర్చుకున్నదే. వదిన వాయించగలిగితే కుర్చీ వదినది, లేకపోతే ఆ అమ్మాయిది.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ లెక్కన నాకు ఒకటిన్నర మొగుళ్లు. క్లారినెట్ మూతికి బిగిస్తే పలికే పలచటి బద్దని రీడంటారు, వెదురులాంటి గడ పెంచి మేం చేసి అమ్మేది అవే. కాపరానికి వచ్చినప్పటినుంచి నేను గీకిన రీడుల్లో ఆమెకి నచ్చినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. క్లారినెట్‌లో ఊదుకుని పలికించి, "చప్పగా ఉంది" అని ఒకటి, "పెంకెగా ఉంది" అని ఇంకొకటి పక్కకి తోసేసేది. ఆమె తోసేసిన రకం మేం అమ్మం. ఇది మామగారి కాలంనుంచి వస్తున్న పద్ధతి. గడ ఆమె తమ్ముడిది, అంటే మా ఆయనది, కత్తి నాది, ఆఖరి మాట ఆమె పెదవిది.

ఎన్నిసార్లు తిట్టుకున్నానో ఆ పెదవిని. ఇప్పుడది గ్లాసు అంచున టీని ఆపలేకపోతుంటే చూడలేకపోతున్నాను.

జనవరి 14

గడ కోత మొదలైంది. చలికి ఆకు ఎండి, కాండంలోని నీరు వేళ్లలోకి దిగాకే కోస్తాం. వదిన శాలువా కప్పుకుని గట్టుమీద కూర్చుంది. కుడికన్ను సరిగా మూసుకోదు కాబట్టి గాలికి నీరు కారుతోంది. "ఏడవడం లేదు, గాలి" అని అడగకుండానే అందరికీ చెబుతోంది.

నది ఒడ్డున పెరిగే గడ చెయ్యెత్తు మనిషికి రెండింతలుంటుంది. మా ఆయన దాని వంక కూడా చూడడు. "తిని కూర్చున్న గడ అది, దానికి కష్టం తెలీదు" అంటాడు. ఆయన ప్రాణమంతా మిట్ట మీది పైవరస. గట్టినేల, రోజంతా గాలి. ఆ గాలికి ఊగి ఊగి పీచు బిగుస్తుంది. అందులోనూ రెండేళ్లు నిండినదాన్నే కోస్తాడు. రెండో ఏడు వచ్చిన గడకి కణుపుల దగ్గర పక్కకొమ్మలు పుడతాయి. ఏడాది గడ నున్నగా, తిన్నగా, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ రీడుకి పనికిరాదు. పొరపాటున తెగిన ఏడాది గడల్ని ఎండబెట్టి దడికీ, తీగల ఊతానికీ వాడుకుంటాం. ఎండాక కణుపులు కోసేస్తే కంటికి రెండింటికీ తేడా తెలీదు, నోటికే తెలుస్తుంది.

జనవరి 20

వదిన ఇవాళ ఊదింది.

ఎప్పుడూ వాడే మూడున్నర నంబరు రీడే ఇచ్చాను. నంబరు పెరిగేకొద్దీ రీడు గట్టిది. గట్టిదాన్ని అదుపు చెయ్యగలిగితేనే ఆ పెద్ద హాలు నిండుతుంది. గాలి మాత్రమే వచ్చింది. మూతి కుడి మూలనుంచి తుస్సుమని కారిపోతోంది. అక్కడ వేలితో నొక్కిపట్టుకుని మళ్లీ ఊదింది. మళ్లీ గాలే. రీడు విప్పి, తుడిచి, పెట్టెలో పెట్టి, "ఇవాళ చలి ఎక్కువగా ఉందిలే" అంది.

గదిలో ఎండ నేలంతా పరుచుకుని ఉంది. నేను ఎండబెట్టిన కట్టల వెనక్కి వెళ్లి ఏడ్చాను.

జనవరి 21

ఇవాళ కూడా చలేనట.

జనవరి 26

దడి కోసం పక్కన పెట్టిన కట్టలోంచి ఒక ఏడాది గడ తీశాను. దాని పీచు మెత్తన, బలం లేని పెదవికి కూడా లొంగుతుంది. కణుపులు కోసి పారేసి, మధ్య గొట్టాన్ని నాలుగు చీలికలు చేసి, చిత్రికపట్టి, కొస గీకాను. మందం మూడున్నరకి ఎంతుండాలో అంతే ఉంచాను, వెంట్రుకవాసి తేడా లేదు. రీడు మొదట్లో, గీకని మడమ మీద, మూడున్నర అనే అచ్చు వేశాను.

పలికింది. కింది స్వరం ఒకటి, పొడుగ్గా, వణుకుతూ.

వదిన క్లారినెట్ నోట్లోంచి తీసి దానివంక చూసింది. "విన్నావా?" అంది. మా ఆయన కొడవలి చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "ఎవర్ని నరకడానికి వచ్చావురా?" అని అక్క అంటే, ఆయన గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు.

ఇది అబద్ధం కాదు. కాలు విరిగినవాడికి చేతికర్ర ఇస్తే అబద్ధం అంటామా? కాస్త కోలుకోగానే తీసేస్తాను.

ఫిబ్రవరి 5

రోజూ రెండు పూటలా వాయిస్తోంది. నేను గీకుతూ వింటున్నాను. ఇవాళ మధ్యలో ఆపి, "కొంచెం పలచగా పలుకుతోంది కదే? నీ రీడు తప్పు కాదులే. నా మూతిదే తప్పు" అంది.

ఇన్నేళ్లలో ఆమె నా రీడు తప్పు కాదనడం ఇదే మొదటిసారి. ఏం చేసుకోను ఆ మెప్పుని.

ఫిబ్రవరి 6

నిజమైన రీడు ఒకటి వాటిలో కలిపి ఇచ్చాను. పలకలేదు. వదిన మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. సాయంత్రం మళ్లీ దడి కట్టలోంచే చేసి ఇచ్చాను. వచ్చే వారం చూద్దాం.

ఫిబ్రవరి 14

వచ్చే వారం.

ఫిబ్రవరి 20

మూతి కుడి మూల కాస్త కదిలింది! మా ఆయన గడ కట్ట ఎత్తుకుంటూ జారి కూలబడితే వదిన నవ్వింది. అప్పుడు చూశాను. పడినాయన్ని లేపకుండా ఆమె మొహమే చూస్తూ నిలబడ్డానని ఆయనకి కోపం. డాక్టరు కూడా ఊదడం మంచిదే అన్నాడు. అంటే నేను చేసినదాంట్లో తప్పేముంది? చేతికర్ర, అంతే.

ఫిబ్రవరి 27

"నీ రీడులు రెండ్రోజులకే చచ్చిపోతున్నాయేమిటే? తడి తగిలితే చాలు, నీరుకారిపోతున్నాయి" అని అడిగింది వదిన.

అవును మరి. ఏడాది గడకి పీచులో సత్తువ ఉండదు. ఊదిన కాసేపటికే నీళ్లు పీల్చి వడిలిపోతుంది. అది తెలిసే, ఆమె అడక్కముందే కొత్తవి పెడుతున్నాను. దొరికిపోయాననుకున్నాను. "ఆ కోత గడే అంత వదినా, మనమేం చేస్తాం" అనేశాను.

నోరు జారాక చూస్తే గుమ్మంలో మా ఆయన ఉన్నాడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బాగానే అతికింది. కాకపోతే తీసుకెళ్లి ఆయన మొహానికి అతికించాను.

మార్చి 2

మా ఆయన సగం తిని లేచిపోతున్నాడు. కొట్టంలో రెండేళ్లుగా ఆరుతున్న కట్టలన్నీ విప్పి, ఒక్కో గడ చివర కోసి, పీచు చూసి, పంటితో కొరికి చూస్తున్నాడు. "బాగానే ఉందే" అని తనలో తనే అనుకుంటున్నాడు.

"బాగానే ఉన్నాయి, ఊరుకోండి" అన్నాను.

"అక్క పెదవి ఎప్పుడైనా తప్పు చెప్పిందా?"

చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పలేదు.

మార్చి 8

ఆయన తిన్నగా అక్కనే అడిగాడు. ఆమె నేనిచ్చిన దాన్నే ఊదింది. ఆలోచించి, ఎప్పటిలాగే మొహమాటం లేకుండా చెప్పింది. "మెత్తగా ఉందిరా. పట్టు లేదు. ఇది పైవరస గడంటే నేను నమ్మను."

ఆయన బయటికి వెళ్లి మిట్ట ఎక్కి అక్కడే కూర్చున్నాడు.

మార్చి 10

పైవరస తవ్వేస్తాడట. వేరు ముసలిదైపోయిందట, ఇంక గట్టిగడ ఇవ్వదట. మొత్తం పెళ్లగించి వేరే చోటునుంచి దుంప తెచ్చి నాటుతాడట. అది ఎదిగి, కోతకొచ్చి, ఆరి, రీడయ్యేసరికి నా చేతుల్లో కత్తి పట్టే బలం ఉంటుందో లేదో. సోమవారానికి కూలీలని మాట్లాడొచ్చాడు. అది మామగారు నాటిన వరస.

"తొందరపడకండి" అన్నాను. నా గొంతు నాకే చప్పగా వినిపించింది.

మార్చి 11

చెప్పాలి.

మార్చి 12

రేపు చెప్తాను.

మార్చి 13

ఇవాళ చెబుదామని వదిన గదికి వెళ్లాను. ఆమె అద్దం ముందు కూర్చుని మూతి బిగించి వదులుతోంది. నన్ను చూసి, "నేను సిద్ధంగా ఉన్నానే. ఈ మూడున్నర మీదే వెళ్లి వాయిస్తాను. నువ్వు గానీ లేకపోతే ఏమైపోయేదాన్నో" అంది. చెయ్యి పట్టుకుంది కూడా.

ఆ హాల్లో దీపాల వేడికి ఆ రీడు కాసేపు కూడా నిలవదు. పైస్వరాలకి పోయేసరికి కూలబడుతుంది. తను నేర్పిన పిల్ల ముందు, ఇన్నేళ్లు పక్కన వాయించినవాళ్ల ముందు. ఆమెకి కారణం కూడా తెలీదు. తన మూతినే తిట్టుకుంటుంది.

చేతికర్రట, చేతికర్ర. చెద తిన్న కర్ర ఇచ్చాను.

అయినా చెప్పకుండానే వచ్చేశాను. చెయ్యి పట్టుకుంటే ఎలా చెప్పను?

మార్చి 14

చెప్పేశాను.

పొద్దున్నే మిట్టమీదనుంచి గడ్డపార చప్పుడు వినిపించింది. చేతిలో కత్తి ఉన్నది ఉన్నట్టే పరిగెత్తాను. మొదటి పొద మొదట్లో మట్టి లేచిపోయి ఉంది. తెల్లటి వేరు కనిపిస్తోంది.

"ఆపండి! గడది తప్పు కాదు."

"మరెవరిది?" అన్నాడాయన.

"ఆ రీడులు పైవరసవి కావు. దడి కట్టలోవి. ఏడాది గడ. నేనే చేసిచ్చాను."

ఆయనకి అర్థం కాలేదు. "ఏడాది గడతో రీడెవరు చేస్తారే?" అన్నాడు.

"వదినకి పలకాలని చేశాను. నిజం గడ పలకడం లేదు కదా."

గడ్డపార వదిలేసి మట్టిలో చతికిలపడ్డాడు. తన గడ మంచిదేనని తెలిసి ముందు నవ్వాడు, పిచ్చివాడిలా. కూలీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. నా వెనక్కి చూస్తున్నాడు.

వదిన నా వెనకే ఎక్కి వచ్చింది. ఆయాసపడుతోంది.

"ఎప్పట్నుంచి?" అంది.

"మొదట్నుంచీ వదినా."

"మొదటి రోజు పలికిందే. అది?"

"అది కూడా."

కుడికన్ను నీరు కారుతోంది. ఈసారి గాలని చెప్పలేదు. వెనక్కి తిరిగి మెల్లగా దిగి వెళ్లిపోయింది.

మార్చి 15

గోడలకి చెవులుంటాయంటారు. మా ఇంటి గోడలకి ఇవాళ వినడానికి ఏమీ లేదు.

మార్చి 16

మా ఆయన లేచిన మట్టిని మళ్లీ వేరు మీదికి ఎగదోసి, నీళ్లు పోసొచ్చాడు. "బతుకుతుందిలే" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది. తిట్టమని అడిగాను. "అక్క తిట్టాక మిగిలితే నేను తిడతాను" అన్నాడు.

మార్చి 18

వదిన గీకుడు గదిలోకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"రెండేళ్ల గడ తియ్యి. నా కళ్ల ముందు కొయ్యి."

పైవరస గడ తెచ్చాను. కొమ్మ విరిగిన కణుపుమచ్చ చూపించాను. వేలితో తడిమి చూసి తలూపింది. కోశాను, చీల్చాను, చిత్రిక పట్టాను. "మనసు కుదరకపోతే కత్తి కింద పెట్టు. గడేం పాపం చేసింది?" అంది. కింద పెట్టి, మంచినీళ్లు తాగొచ్చి, మళ్లీ పట్టుకున్నాను.

మూడున్నర ఇస్తే గాలే వచ్చింది. మూడు ఇచ్చాను. సగం స్వరం, సగం గాలి. ఆమె మొహం చూడలేక తలదించుకునే రెండున్నర గీకాను.

పలికింది. పలచగా కాదు, నిండుగా, ఎప్పటి వదిన గొంతులాగే పలికింది. కిందినుంచి పైకి వెళ్లింది. పైన జారింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ జారింది. ఆపి, దర్జీ నడుము కొలత చెప్పినట్టు, "రెండున్నర. ఈ నోటికి ఇప్పుడింతే" అంది.

రీడు విప్పుతూ అడిగింది. "ఎందుకు చేశావే?"

"మీరు ఎండలో కూర్చుని చలి అన్నారు. నేను తట్టుకోలేకపోయాను వదినా."

"నాతో చెప్పి మెత్తది ఇవ్వాల్సింది."

"తీసుకునేవారా?"

ఆలోచించింది. "లేదులే. నీ మొహాన కొట్టేదాన్ని."

ఇద్దరికీ నవ్వొచ్చింది. వెంటనే ఆపేసి, "నాకు కోపం పోలేదు. పోయిందనుకునేవు" అంది.

అనుకోను.

మార్చి 22

తిట్టింది. తీరిగ్గా, పెళ్లైన నాటినుంచి మొదలుపెట్టి. మా ఆయనకి మిగల్లేదు.

మార్చి 29

పెద్దాయనకి వినిపించడానికి వదిన ఒక్కతే పట్నం వెళ్లింది. మమ్మల్ని రావొద్దంది. రోజంతా కొత్త కోత గడల్ని ఎండలో తిప్పుతూ గడిపాను. ఒకవైపే ఎండితే వంకరపోతాయి. పచ్చదనం పోయి పసుపు తిరుగుతున్నాయి. తిప్పినవాటినే మళ్లీ మళ్లీ తిప్పానని మా ఆయన అన్నాడు.

సాయంత్రం బస్సు దిగి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే చెప్పింది. "మొదటి కుర్చీ ఆ పిల్లదే."

కింది స్వరాలు ఎప్పటిలాగే ఉన్నాయట. పైవి జారాయట. పెద్దాయన మొహమాటపడి "మళ్లీ ఒకసారి వాయించండి, మళ్లీ" అంటుంటే, ఈమే క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని, "ఎన్నిసార్లడిగినా ఇంతే, నాకు తెలుసు" అందట. అప్పుడాయన ఆ అమ్మాయి ఖాళీ చేసిన రెండో కుర్చీ ఉందన్నాడట.

"ఏమన్నారు వదినా?"

"ఆలోచించుకుంటానన్నాను."

"నువ్వు నేర్పిన పిల్ల పక్కన, దాని కిందా?" అన్నాడు మా ఆయన.

"నోర్ముయ్యరా" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

మార్చి 30

పొద్దుటినుంచీ వదిన గడ తిప్పుతోంది. నేనూ పక్కనే తిప్పాను. ఆమె ఆ కుర్చీ తీసుకోకపోతే ఇంక క్లారినెట్ ముట్టదు. ఆమె మొండితనం నాకు తెలుసు. భయంగా ఉంది.

చీకటి పడబోతుంటే చేతులు దులుపుకుని అంది. "రెండున్నరవి ఒక పెట్టె చెయ్యి. వాటి మీద ఏ అంకె వేస్తావో చూస్తాను."

ఏప్రిల్ 17

కచేరీకి వెళ్లొచ్చాం.

ఆ అమ్మాయి ఒంటరిగా వాయించేటప్పుడు తప్పు వస్తే బావుండునని కాసేపు కోరుకున్నాను. రాలేదు. బాగా వాయించింది. నిజం ఒప్పుకోవడం ఈమధ్యే అలవాటు చేసుకుంటున్నాను.

మిగతా సమయమంతా వదిన కోసం వెతికాను. ఇన్నేళ్లూ మొదటి ఊపిరికే ఆమెని పట్టేసేదాన్ని. అన్ని వాయిద్యాల్లోంచి తోసుకుని ముందుకొచ్చేది ఆమె స్వరం. ఇవాళ చెవులు రిక్కించినా లేదు. కళ్లు మూసుకున్నా లేదు. కళ్లు తెరిస్తే అక్కడే కూర్చుని వాయిస్తోంది. మా ఆయన మోచేత్తో పొడిచి, "అదేనా? అది అక్కదేనా?" అని ఒకటే గోల. కాదు, కాదు అంటూనే ఉన్నాను. ఆఖరికి నాకు ఏడుపొచ్చింది.

కచేరీ అయ్యాక హాలు వెనక గుమ్మం దగ్గర వదిన కోసం నిలబడ్డాం. అందరికంటే చివర వచ్చింది. "ఎలా ఉంది?" అంది, నన్నే చూస్తూ.

బాగుందని చెప్పడం ఎంత తేలిక!

"మీరు వినిపించలేదు వదినా" అన్నాను.

మా ఆయన నా కాలు తొక్కాడు. వదిన క్లారినెట్ పెట్టె కింద పెట్టింది.

"అస్సలు?"

"అస్సలు. ఎంత వెతికినా దొరకలేదు. ఆ అమ్మాయి స్వరం కింద ఇంకో అంతస్తు ఉన్నట్టుంది గానీ, మీరెక్కడ మొదలయ్యారో, ఎక్కడ ఆగారో తెలీలేదు."

ఎడమవైపు మూతి ముందు నవ్వింది. కుడివైపు తర్వాత, ఆలస్యంగా, కొంచెం. "రెండో కుర్చీ వినిపిస్తే తప్పే, పిచ్చిదానా. అతుక్కుపోవాలి. నాకు జన్మలో చేతకాదేమో అనుకున్నాను" అంది. అని, వెంటనే కళ్లు చిట్లించి నా మొహంలోకి చూసింది. "నా మనసు నొప్పించకూడదని చెప్పడం లేదు కదా?"

"కాదు."

"ఒట్టు?"

"మీ తమ్ముడి మీద ఒట్టు."

"వాడి మీద ఎవరైనా వేస్తారు. నీ చేతుల మీద వెయ్యి."

"నా చేతుల మీద ఒట్టు వదినా."

నా మొహంలోకి ఇంకాసేపు చూసింది. నమ్మింది. బస్సు వెళ్లిపోతుంది, నడవండి అంది.